నీళ్ళు పోసే ఆయమ్మ పెట్టిన అంగడి

పోయిన నెలలో నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళిపత్రిక పంపాలట, అడ్రసు అడిగాడు. చెప్పాను. పిన్‌కోడు రెండుసార్లు తప్పు రాసుకున్నాడు. పదో తరగతిలో కూడా వాడు అంకెల దగ్గర అంతే. ఫోన్ పెట్టేయబోతూ, "మరిచేపోతి మేడం, మన నీళ్ళు పోసే ఆయమ్మ పోయింది, ఉగాదికి ముందర" అన్నాడు.

వెంటనే ఏడుపు రాలేదు. ముందు మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఎప్పుడు కనబడినా పలకరింపుకు బదులు, "మెడ ఎత్తు టీచరమ్మా, నేల మింద ఏం పారేసుకొంటివి?" అనేది. ఆ ఊరి నుంచి బదిలీ అయ్యాక పదిహేనేళ్ళుగా ఆ మాట వినలేదు. అయినా ఆమె ఊసెత్తగానే మెడ దానంతటది లేచింది. ఏడుపు తర్వాత వచ్చింది, మధ్యాహ్నం అన్నం కలుపుకునేటప్పుడు.

ఆమె పేరు నాకు తెలుసు. ఊళ్ళో చాలామందికి తెలియదు. కానీ ఇక్కడ రాయను. "అడక్కుండా నా పేరు యాల రాస్తివి?" అని అడిగే మనిషి ఆమె. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు కాబట్టి, ఊరు పిలిచినట్టే పిలుస్తాను. నీళ్ళు పోసే ఆయమ్మ. బాలింతలకూ పసిబిడ్డలకూ ఒళ్ళంతా ఆముదం పట్టించి, మర్దన చేసి, వేన్నీళ్ళు పోయడం ఆమె పని. తొంభైల చివర్లో నేను లెక్కల టీచరుగా చేరేనాటికి ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళందరి ముక్కులూ ఆమె తీర్చి దిద్దినవేనని చెప్పుకునేవారు. ఎవరి ముక్కన్నా వంకరగా ఉంటే, "ఆ బిడ్డకు వాళ్ళవ్వ పోసింది నీళ్ళు, నేను కాదు" అని ఆమె ముందే చెప్పేసేది.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఆ మనిషివి కావు. అరచేతులు చేటలంత వెడల్పు. నడిచేటప్పుడు వాటిని ఒంటికి కాస్త దూరంగా పట్టుకునేది, ఇప్పుడే నూనె రాసుకున్నట్టు. పని మొదలుపెట్టే ముందు రెండు చేతులూ బాగా రుద్దుకుని, ముందు తన చెంపకు ఆనించుకుని చూసుకునేది. వేడి సరిపోయిందనిపిస్తేనే బిడ్డను ముట్టుకునేది. దవడలో ఎప్పుడూ ఒక వేయించిన చింతగింజ ఉండేది. అది కరకరమని నమిలితే సంతోషంగా ఉన్నట్టు, ఊరికే చప్పరిస్తూ ఉంటే కోపంగా ఉన్నట్టు. నేను ముఖం చూడకుండా దవడ చూసి మాట్లాడటం నేర్చుకున్నాను.

ఇంకో అలవాటు, ఆమె మనుషులతో కాక అవయవాలతో మాట్లాడేది. నా మెడ పట్టుకుని, "ఏమే, నీకేం పోయేకాలం వచ్చిండాది? ఈయమ్మ కాయితాలు దిద్దుతాందని నువ్వు గూడా వంగి చూడల్లనా? నీకు లెక్కలొస్తాయా?" అని తిట్టేది. నేనేమన్నా జవాబు చెప్పబోతే, "నిన్ను కాదు టీచరమ్మా, నువ్వు గమ్మునుండు" అనేది.

ఆ మెడ వల్లే మాకు పరిచయం. పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది నా మెడ పట్టేసింది. పక్కింటావిడ ఆమెను పిలిపించింది. అప్పటినుంచి ఆదివారం ఆదివారం వచ్చేది. మా ఇల్లు రైలు పెట్టెలాంటిది. ముందర గది, నడిమిల్లు, వంటిల్లు, ఆ వెనక వసారా, పెరడు. పెరటి గొళ్ళెం చప్పుడైతే ఆమె వచ్చిందని నాకు తెలిసేది. వసారాలో చాప పరుచుకుని పడుకునేదాన్ని. మెడ పట్టడం అయ్యాక ఆమె పెరటి మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ ఊళ్ళోని వెన్నుపూసల సమాచారమంతా చెప్పేది. పోస్టుమాస్టరు ఎడమ మోకాలు ఇంకో రెండేండ్లకు మించి రాదట. సర్పంచి నడుము కుర్చీలో కూర్చుంటే నొప్పి, దిగితే ఇంకా నొప్పి.

ఒక ఆదివారం టీ గ్లాసు కింద పెట్టి, "టీచరమ్మా, నాకొక అంగడి రాసియ్యి" అంది.

"అంగడి రాసివ్వడమేంది?"

"అంగడి పెట్టల్ల. ఎట్ల పెట్టల్లో, ఏ పొద్దు తీయల్లో, ఏం చేయల్లో, ఏం చేయగూడదో, అంతా నోటుబుక్కులో రాసియ్యి. నేనింగ ఇండ్లకు పోను. ఒళ్ళు నొప్పున్నోళ్ళు నా తావకి రావల్ల."

ఎందుకని అడిగాను. "ఇంటికి పోతే నేను పనిమనిషిని. నా తావకి వస్తే..." అని అక్కడ ఆపేసింది. చింతగింజ కరకరలాడింది. నన్ను పూరించుకోమని వదిలేసిన ఖాళీలాగా ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

నాకు ప్రణాళికలంటే పిచ్చి. అప్పటికి నా జీవితంలో ఒక్క ప్రణాళికా అమలు కాలేదు కాబట్టి ఆ పిచ్చి తగ్గలేదు. కొత్త లాంగ్ నోటుబుక్కు తీశాను. మొదటి పేజీలో, స్కేలు పెట్టి గీత గీసి, ఒకటో నిబంధన రాశాను: "ఇండ్లకు పోవడం లేదు." చదివి వినిపిస్తే ఇంకోసారి చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది.

రెండో నిబంధన దగ్గరే పేచీ వచ్చింది. ఒక్కొక్కరికీ ఎంతసేపు అని అడిగాను. "అండా నీళ్ళు కాగేంత సేపు" అంది. అరగంట అని రాస్తానన్నాను. "అరగంటంటే నాకేం తెలుసు? పొయ్యి అంటిచ్చి మొదలుపెడతా, నీళ్ళు పొగలొస్తే ఆపేస్తా." మరి వానాకాలం కట్టెలు తడిసి ఉంటేనో అన్నాను. "అప్పుడు ఎక్కువసేపు పడతా. వానాకాలం నొప్పులు గూడా ఎక్కువే గదా" అంది. ఇందులో తర్కం ఎక్కడ తప్పిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అండా నీళ్ళు అనే రాశాను.

గది దొరకడం కష్టం కాలేదు. బజారువీధిలో గుడ్డలంగడి శెట్టివాళ్ళ ఇంటికి ఎదురుగా వాళ్ళదే ఒక గది ఖాళీగా ఉంది. శెట్టమ్మ మూడు కాన్పులకూ ఈమే నీళ్ళు పోసింది. ఆ మాట మీద గది ఇచ్చారు. మూతబడ్డ టీ హోటలు వాళ్ళ దగ్గర రెండు బెంచీలు కొన్నది. రెంటినీ పక్కపక్కన జతచేస్తే మంచమంత వెడల్పు వచ్చింది. అయితే ఒక బెంచీ కాళ్ళు వంకర కావడంతో తలవైపు నాలుగు వేళ్ళ సందు మిగిలింది. వడ్రంగిని పిలిపిస్తానన్నాను. ఆమె ఆ బెంచీల మీద బోర్లా పడుకుని ఆ సందులో ముక్కు పెట్టి చూసింది. "వద్దు వద్దు, గాలి బాగా ఆడతాంది" అంది లోపల్నుంచి. అప్పటినుంచి వచ్చినవాళ్ళందరికీ మొదటి ఆజ్ఞ "సందులో ముక్కు పెట్టు" అన్నదే. చాలా ఏళ్ళ తర్వాత అనంతపురంలో ఒక పెద్ద ఫిజియోథెరపీ గదిలో ముఖానికి రంధ్రం ఉన్న మంచం చూపించి, ఇది విదేశాల్లో చేసిందని వాళ్ళు గొప్పగా చెబితే, నాకు నవ్వాగలేదు.

బోర్డు మీద మసాజ్ అన్న మాట వద్దన్నాను. ఆ మాటకు అప్పటికే చెడ్డపేరు. మర్దన కేంద్రం అంటే ఆమె ఒప్పుకోలేదు, ప్రభుత్వ ఆఫీసులాగా ఉందట. చివరికి పక్కనే ఉన్న పంచర్ అంగడి బోర్డు చూసి ఆమే చెప్పింది, పెయింటరు రాశాడు: "ఇచ్చట ఒళ్ళు పట్టబడును. ఆడవాళ్ళకు, బిడ్డలకు మాత్రమే."

ఇక తెరిచే రోజు. ఇక్కడే నా తెలివంతా చూపించాను. మా ఊళ్ళో కొళాయి ఆరు రోజులకొకసారి వచ్చేది. నూనె పట్టించుకున్నవాళ్ళకు ఇంటికి పోతే స్నానానికి నీళ్ళుండాలి. నీళ్ళు లేని రోజు ఆముదంతో ఇంటికి పోయి ఎవరు మాత్రం ఏం చేస్తారు? కాబట్టి కొళాయి వచ్చే రోజే అంగడి తీయాలి. ఇది నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసి కింద రెండు గీతలు గీశాను. ఆమె తలూపింది. పక్కింటావిడ కూడా భేష్ అంది.

ఆ రోజు రానే వచ్చింది. ఉదయం తొమ్మిదైంది. నేను కొళాయి దగ్గర వరసలో పన్నెండోదాన్ని. నా ముందు ఎవరిదో బిందె అడ్డంగా ఉందని తగాదా పెట్టుకుంటూ తల తిప్పి చూస్తే, ఏడో స్థానంలో నాలుగు బిందెలతో ఆమె.

"ఏమక్కా, నువ్వు ఈడుండావు, అంగడి ఎవరు తీస్తారు?" అని అరిచాను.

"నువ్వు ఈడుండావు, ఇస్కూలు ఎవరు తీస్తారు?" అని ఆమె అరిచింది.

ఊరి ఆడవాళ్ళందరూ ఆ వరసలోనే ఉన్నారు. మా పిలుపు అందుకుని ఒళ్ళు పట్టించుకోవాల్సిన నడుములన్నీ అక్కడే వంగి బిందెలు ఎత్తుతున్నాయి. సాయంత్రం దాకా గది తలుపు తీయలేదు. ఆ ఊళ్ళో ఐదేళ్ళు నీళ్ళు పట్టుకున్న నాకు, కొళాయి రోజు ఏ ఆడమనిషీ ఇల్లు కదలదన్న సంగతి తట్టకపోవడం ఎట్లా సాధ్యమైందో తెలీదు. నాకు తట్టకపోతే పోయింది, ఆమెకు? "నువ్వు సదువుకున్నదానివి, ఎర్రింకుతో రాస్తివి, నిజమే అనుకొంటి" అంది.

తర్వాత ఆమే సరిచేసింది. కొళాయి మర్నాడు తీసింది. ఇళ్ళల్లో డ్రమ్ములు నిండి ఉంటాయి, బిందెలు ఎత్తి నడుములు నొస్తుంటాయి. ఒక్క మార్పుతో రెండూ కలిసొచ్చాయి. వారం మధ్యలో వచ్చేవాళ్ళ కోసం కొర్ర తవుడు తెచ్చిపెట్టింది. తవుడుతో గట్టిగా రుద్ది నూనె తీస్తే నాలుగు చెంబుల నీళ్ళతో స్నానం అయిపోతుంది. నా ఎర్ర ఇంకు మీద అడ్డంగా కొట్టేసి కింద "మర్నాడు" అని రాయమంది. రాశాను. నేను విద్యార్థుల పుస్తకాల్లో కొట్టేసినప్పుడు వాళ్ళకెట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

అంగడి మెల్లగా పుంజుకుంది. శెనక్కాయలు పీకే రోజుల్లో కూలి పనికి పోయే ఆడవాళ్ళు చీకటి పడకముందే వచ్చి బారుగా కూర్చునేవాళ్ళు. తొలివానలు పడగానే ఇంకో రకం వాళ్ళు దిగేవాళ్ళు. వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు కదా. పొద్దస్తమానం వంగి నేల చూస్తూ తిరిగి, బస్సు మారడానికి మా ఊళ్ళో దిగేసరికి నిటారుగా నిలబడలేని ఆడవాళ్ళు బోర్డు చూసి లోపలికి వచ్చేవారు. ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఏం దొరకలేదు గదా?" అనేది. ఎట్లా తెలిసిందని వాళ్ళు ఆశ్చర్యపోతే, "దొరికినోళ్ళకి నడుం నొయ్యదు తల్లీ" అనేది. ఒక్కొక్కామె ఆ మాటకు ఏడ్చేది. ఏడ్చినవాళ్ళకు ఇంకో అండా నీళ్ళు పెట్టేది.

మగవాళ్ళూ వచ్చేవాళ్ళు, వాకిలి దాకా. బోర్డు చదివి కూడా, "మాకు పట్టవా అమ్మా, మాకు నొప్పులు లేవా?" అనేవాళ్ళు. "పెండ్లాన్ని పంపు, నేర్పిస్తా" అని ఆమె జవాబు. కొందరు నిజంగానే పంపారు. వాళ్ళల్లో దోసెల హోటలాయన భార్య ఒకామె. నెల తర్వాత ఆ హోటలాయన నాకు ఎదురై, "మేడం, మీ ఆయమ్మకి చెప్పండి, నొప్పి పోయింది గానీ నాకీ వైద్యం వద్దు" అన్నాడు. ఏమైందంటే, భార్య ఆయన భుజం మీద మోచెయ్యి ఆనించి, అప్పుడు మొదలుపెట్టి పుట్టింటి సంగతులన్నీ మాట్లాడుతుందట. లేవడానికి లేదు, ఊ అనకుండా ఉండటానికీ లేదు. ఈ మాట ఆమెకు చేరవేస్తే, "మోచెయ్యి పెట్టేది నేను చెప్పలేదు, ఆ పాప సొంతంగా కనిపెట్టింది" అని ఎంతో గర్వపడింది.

మూడేళ్ళు ఇట్లా గడిచాయి. ఒకటో నిబంధన ఆమె ఒక్కసారీ మీరలేదు. నా మెడ సంగతి వేరు. నేను ప్రణాళిక రాసిచ్చిన మనిషిని కదా. ఆదివారాలు మామూలుగానే పెరటి గొళ్ళెం చప్పుడయ్యేది. అది నిబంధన కిందికి వస్తుందని నాకు తోచనే లేదు. బాలింతలున్న ఇళ్ళ వాళ్ళకు మాత్రం కష్టమైంది. బాలింతా, పసిబిడ్డా మూడు నెలలు గడప దాటకూడదు కదా. ఆ ఇళ్ళకు వేరే మనుషులు పోయేవాళ్ళు. ఆమె వాళ్ళకు పని నేర్పించి పంపేది గానీ తాను పోయేది కాదు. ఏదన్నా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినబడితే మాత్రం పట్టే చెయ్యి ఆపి వినేది. ఎవరు పోస్తున్నారో, నీళ్ళు ఎక్కువ వేడిగా ఉన్నాయో, ఏడుపును బట్టి చెప్పేది.

ఆ ఎండాకాలం సెలవుల్లో శెట్టమ్మ కూతురు పురిటికి వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. శెట్టివాళ్ళ అంగడి గుమాస్తా వచ్చి, "రేప్పొద్దున్నుంచి బిడ్డకు నీళ్ళు పోసేదానికి రమ్మన్నారు. ఎనక సందులోంచి వస్తే పెరటి తలుపు తీస్తారంట" అన్నాడు. నేను అప్పుడు ఆ బెంచీ మీదే కూర్చుని ఉన్నాను.

ఆమె చింతగింజ చప్పరించింది. నేను భయపడ్డాను.

"బిడ్డ నడిచి రాలేదు, నిజమే" అంది నిదానంగా. "నేనే వస్తా. ఇంత దాకా ఎవరింటికీ పోలేదు, ఆ బిడ్డ కోసం వస్తా. ముందర తలవాకిలి నుంచి వస్తానని చెప్పప్పా."

గుమాస్తా వీధి దాటి పోయాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. శెట్టమ్మ మాట ఇది: నూనె గిన్నె పట్టుకుని బజారులోంచి తలవాకిలి తొక్కేదేంది? ముప్పై ఏండ్లుగా వచ్చే దావే గదా. వస్తే ఆ దావన రావల్ల, లేదంటే నెలాఖరుకు గది ఖాళీ చేయల్ల.

శెట్టమ్మ చెడ్డమనిషి కాదు. ఆమె ఇంట్లో పేలాల ఉండలు చేస్తే ఒక డబ్బా నాకు వచ్చేది. ఇది తప్పని ఆమెకు నిజంగానే అనిపించలేదు. ఎప్పుడూ వచ్చే దారిలో రమ్మంటే అందులో అవమానం ఏముందని ఆమె అడగడం నేను కూడా విన్నాను. గది పోతే మాత్రం అంగడి పోయినట్టే. బజారులో ఇంకెవరూ ఇవ్వరు. శెట్టివాళ్ళు కాదన్న మనిషికి ఇచ్చి వాళ్ళతో ఎవరు పెట్టుకుంటారు?

నాలుగు రోజులు గడిచాయి. వేరే ఆమె ఎవరో ఆ ఇంట్లో నీళ్ళు పోస్తోంది. పొద్దున పదింటికి ఆ బిడ్డ ఏడుపు బజారంతా వినబడేది. ఇక్కడ ఈమె ఎవరి వీపో పడుతూ ఆగిపోయేది. "చెయ్యి చల్లగుండాది ఆయమ్మది" అనేది తనలో తాను. ముఖం పీక్కుపోయింది. నాలుగో రోజు నేను ఉండబట్టలేక చెప్పాను.

"అక్కా, ఒక్క ఇల్లే గదా. గది గూడా వాళ్ళదే. మూడేండ్లు కష్టపడి నిలబెట్టుకుంటివి. ఈ మూడు నెలలు ఎనక నుంచి పోతే ఏం పోయింది? బిడ్డ ముఖ్యం గదా. యా తలుపయితే ఏముంది?"

ఆమె తవుడు జల్లిస్తోంది. జల్లెడ ఆపలేదు.

"యా తలుపయితే ఏముందంటావు, సరే. మీ ఇంటికి గూడా నేను ఎనక తట్టే గదా టీచరమ్మా వచ్చేది."

నాకు చివాలున కోపం వచ్చింది. "నా ముందర తలుపు పొద్దుగూకులూ తెరిచే ఉంటుంది. నేనేమన్నా నిన్ను రావద్దంటినా?"

"రావద్దన్లేదు" అంది. జల్లెడ తట్టి పక్కన పెట్టింది. "రమ్మనీ అన్లేదు గదమ్మా."

అందులో నిష్ఠూరం లేదు. వాన రాలేదు అన్నట్టు చెప్పింది. చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో, మూడేళ్ళకు ఎన్ని ఆదివారాలని లెక్క మొదలుపెట్టాను. లెక్కల టీచరును కదా. సెలవులు తీసేస్తే ఎంతవుతుందనే దగ్గర ఆపేశాను. ఒకటో నిబంధన నా చేత్తో రాశాను. రాసేటప్పుడు ఆమె పెరటి మెట్టు మీద, నేను గడప లోపల పీట మీద కూర్చున్నాం. సిగ్గనిపించింది.

మర్నాడు పొద్దున్నే గదికి పోయి బెంచీ మీద కూర్చున్నాను. పదింటికి ఎదురింట్లో బిడ్డ ఏడుపు మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు. ఉన్నట్టుండి శెట్టివాళ్ళ తలవాకిలి తలుపులు రెండూ ధడేలున తెరుచుకున్నాయి. శెట్టమ్మ కూతురు, బాలింత, చెవుల్లో దూది లేదు, తలకు గుడ్డ లేదు, ఒళ్ళంతా ఆముదంతో జిడ్డోడుతున్న బిడ్డను గుడ్డలో చుట్టి పట్టుకుని తలవాకిట్లో నిలబడింది. పురిటి స్నానం కాని బాలింత బజారు గాలికి వచ్చి నిలబడటం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. పంచర్ అంగడి అతను చేతిలో ట్యూబు వదిలేసి చూస్తున్నాడు.

"ఏమ్మోవ్! నాకు నీళ్ళు పోసినావు గదా నువ్వు! నా బిడ్డకు పోయవా?" అని వీధి అవతల్నుంచే అరిచింది ఆ అమ్మాయి. "నువ్వొచ్చే దాకా నేను ఈడనే నిలబడతా!"

శెట్టమ్మ వెనకనుంచి పరుగెత్తుకొచ్చింది. కూతురి చెవులు రెండూ తన అరచేతులతో మూసింది. "అయ్యో, గాలి సోకుతాదే! లోపలికి రావే!" అని లాగుతోంది. ఆ పిల్ల కదలలేదు. శెట్టమ్మ అటూ ఇటూ చూసింది. బజారంతా చూస్తోంది. ఇక ఆమె వీధి ఇవతలికి చూసి, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో అరిచింది:

"రా తల్లీ రా! ముందర నుంచే రా! ముందు నా బిడ్డను లోపలికి తోలు!"

ఆమె పరుగెత్తుతుందనుకున్నాను. లేదు. చేతులు తుడుచుకుంది, కొంగు సర్దుకుంది, నూనె గిన్నె తీసుకుంది, నిదానంగా వీధి దాటింది. తలవాకిట్లో ఆగి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగింది. శెట్టమ్మే చెంబు తెచ్చి ఇచ్చింది. ఆమె కాళ్ళు కడుక్కుని, రెండు చేతులూ గట్టిగా రుద్దుకుని చెంపకు ఆనించుకుని చూసుకుని, అప్పుడు బిడ్డను అందుకుంది. అందరూ లోపలికి పోయారు, తలుపు మూశారు. నేను గదిలో ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. కాసేపటికి ఏడుపు ఆగింది. ఆ తర్వాత మూడు నెలలూ ఆమె ఆ తలవాకిట్లోంచే పోయి వచ్చింది. శెట్టమ్మ గది సంగతి మళ్ళీ ఎత్తలేదు. పైగా, తానే ఆమెను ముందరనుంచి పిలిపించానని అందరితో చెప్పుకునేది. ఆమె కాదనలేదు.

ఆ ఆదివారం నేను ముందర గది ఊడ్చి, దుమ్ము దులిపి, కుర్చీ మీద ఉతికిన దుప్పటి వేసి, తలుపు బార్లా తీసి పెట్టుకుని మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను. నాలుగున్నరకు పెరటి గొళ్ళెం చప్పుడైంది.

"టీచరమ్మా, యాడుండావు?"

"ఈడ, ముందర గదిలో. ముందర నుంచి రా అక్కా" అని కేకేశాను.

"వచ్చేసినా గదమ్మా, ఇంగ ఇట్లే లోపల్నుంచి వచ్చేస్తా."

"వద్దు, చుట్టూ తిరిగి రా."

అన్నాక అర్థమైంది. ఆ ఎండలో సందు చివరిదాకా పోయి, వీధంతా తిరిగి రావాలి. ఆమెను ఆహ్వానించడం కూడా నాకు క్లాసులో పిల్లను బయటికి పంపినట్టుగానే వచ్చింది. పెరట్లో ఆమె నవ్వడం వినబడింది. గొళ్ళెం మళ్ళీ వేసిన చప్పుడు. చాలాసేపు పట్టింది. చివరికి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, గడప మీద చెయ్యి ఆనించి లోపలికి అడుగుపెట్టింది.

నిలబడి గదంతా చూసింది. గోడ మీద క్యాలెండరు చూసింది, నా పుస్తకాల బీరువా చూసింది, కిటికీ తెర ముట్టుకుని చూసింది. మూలన బల్ల మీద టీవీలో ఆదివారం సినిమా నడుస్తోంది, ఏదో పాట వస్తోంది. దాని ముందు నిలబడిపోయింది.

"ఓహో, టీవీ నీదేనా టీచరమ్మా?" అంది. "మూడేండ్లుగా పాటలు ఇంటాండా. పక్కింటోళ్ళది అనుకొంటి."

కుర్చీ ఆమె దగ్గరికి జరిపి, టీవీ శబ్దం కొంచెం పెంచాను.